ఏడో రోజు

సిదోఅర్జోలో, టోఫూ దుకాణం వెనక గది.
సోయా ఉడికిన ఆవిరి గోడలకి పట్టి
క్యాలెండరు అంచులు ముడుచుకుపోతాయి.
ఇనుప అరల మీద నలభై ఫోన్లు
పొదుగుతున్న కోళ్ళలా వెచ్చగా.
నింగ్సీ రాత్రికాపు.

ఒక్కో ఫోనుకి ఒక్కో మొహం.
మెలాటి, ఇద్దరు పిల్లల తల్లి.
దేవినా, నర్సు.
స్రి హండయని, అరవై దాటినా ముడత లేదు.
ఎవరి పెళ్ళి ఫోటోల్లోంచో కత్తిరించుకొచ్చిన నవ్వులు.
నోళ్ళన్నీ అరువు, సరుకు ఒక్కటే:
మంగుస్తాన్ తొక్కతో చేసిన క్రీము,
జాడీ నలభై అయిదు వేల రుపియాలు.

ఎక్కడ దిగులుంటే అక్కడ బేరముంటుందని
యజమాని వర్సోనో సిద్ధాంతం.
అందుకే యంత్రానికి అతను నేర్పిన మాటల్లో
అందం ఊసే లేదు.
పోయింది. నిద్ర పట్టడం లేదు. ఎవరైనా సాయం చెయ్యండి.
అవి కనబడ్డ చోటల్లా
నలభై నోళ్ళూ వెళ్ళి వాలతాయి,
చావింటి అరుగు మీద గాజుల మలారం దించినట్టు.

వాక్యాలు మాత్రం నింగ్సీవి.
బడిలో వ్యాసాలకి రెండుసార్లు బహుమతి తెచ్చుకున్న చెయ్యి.
క్రీము పేరు చెబితే పట్టేస్తారు కాబట్టి
పేరు లేకుండా, వస్తువు లేకుండా,
ఎవరి గాయానికైనా సరిపోయేలా కుట్టింది:
"దిగులు పడకండి అక్కా. నాకూ ఇలాగే అయింది.
ఏడు రోజుల్లో తిరిగొచ్చేసింది."
తిరిగొచ్చేది మొహంలో కళ. అది రాయలేదు.
రాయకుండా వదిలిన ఆ ఖాళీకే జీతం.

బుధవారం రాత్రి, పదకొండున్నర.
ప్రోబోలింగో నుంచి ఒకామె, సుమియాతి,
నీలం పడవ ఫోటో పెట్టింది.
ముక్కు మీద తెల్లరంగుతో దిద్దిన కన్ను.
"గాలివాన తర్వాత కనపడలేదు. అందులో మా తమ్ముడు.
ఎవరైనా సాయం చెయ్యండి."

నింగ్సీ కునుకు తీసి లేచేసరికి
మెలాటి వెళ్ళి పలకరించి వచ్చేసింది.
కింద సుమియాతి జవాబు:
"మీ పడవ కూడానా అమ్మా? ఏడో రోజునా?
మాకు ఇవాళ్టికి ఆరు.
మీ మాట మా అమ్మకి చదివి వినిపించాను.
ఇప్పుడే లేచి నాలుగు మెతుకులు తింది."

చెరిపెయ్యాలి.
చెరిపితే, ఆ నాలుగు మెతుకులో?
పైగా నలభై వ్యాఖ్యల బరువుకే
ఆ పోస్టు నలుగురి కళ్ళలోకీ తేలింది,
మురికి నురగ మీద కొయ్యముక్కలా.
కాంగియాన్ దీవి నుంచి ఎవరో అడుగుతున్నారు కూడా:
"కన్ను ఒకవైపేనా, రెండు వైపులా?"

తన సొంత ఫోను తీసింది, అద్దం పగిలింది.
అయిదేళ్ళలో అందులో పెట్టినవి మూడు ఫోటోలు.
సొంత పేరుతో, తడబడుతూ రాసింది:
"అక్కా, ఆ మెలాటి లేదు. రాసింది నేను.
మీ తమ్ముడు రావాలి."
నొక్కింది.
మీ వ్యాఖ్య స్పామ్‌లా ఉంది, తొలగించాం, అంది తెర.

నలభై అబద్ధాలు దర్జాగా గడప దాటాయి.
నిజాన్నే నిలబెట్టి గుర్తింపు కార్డు అడిగారు.

ఈలోగా మెలాటి తనంతట తానే నోరు తెరిచింది:
"అవునక్కా! వివరాలు నా ప్రొఫైల్లో."

నింగ్సీ ప్లగ్గు పీకేసింది.
ఒక్క తెరా ఆరలేదు.
సాయంత్రమే నిండా చార్జింగు పెట్టింది,
తనే.

ఇక ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని
బొటనవేలితో నొక్కిపట్టి ఆర్పింది.
దేవినా. హండయని. పేరు గుర్తురాని గళ్ళచొక్కా ముసలాయన.
ముప్పై తొమ్మిది.

మెలాటి దగ్గర వేలు ఆగింది.
యంత్రాన్ని విడదీసి
ఫోనుని మాత్రం ఒళ్ళో పెట్టుకుంది.

ముందు దుకాణంలో మొదటి వాయి టోఫూ దించుతున్నారు.
తెల్లారితే ఏడో రోజు.
సుమియాతి మళ్ళీ అడిగితే
బదులు పలకడానికి
ఆ గదిలో అనుమతి ఉన్న నోరు అదొక్కటే.