పదకొండో నిమిషం

జహ్రాలో ఇస్త్రీ గది.
ఇంకా పదిహేడు తెల్ల దిష్‌దాషాలు.
ఒక చెవికే పలికే ఇయర్‌ఫోనులో
కాశింపీరా సన్నాయి అందుకుంటాడు.

తోడి ఎక్కడ మొదలైందో
ఎక్కడ తిరిగిందో నాకేం తెలుసు.
పదకొండో నిమిషం మాత్రం తెలుసు:
పైకి పోయి, ఇంకా పైకి పోయి
స్వరం తెగే చోట
ముసలాయన ఊపిరి లాగుతాడు, గరగరా,
పాత కొలిమితిత్తి మాదిరి.

ఆ ఒక్క ఊపిరి కోసం
ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెడతా.
మొక్కడం ఎప్పుడో మానేసినదాన్ని.
ఎవరికి మొక్కాలో ఇప్పటికీ తెలీదు.

ఆయన పోయి రెండేళ్లయిందంట.
రాజంపేట నుంచి వచ్చిన కొత్త పిల్ల
ఉల్లిపాయలు తరుగుతా చెప్పింది,
అదేదో బస్సు టైము చెప్పినట్టు.

ఆ రాత్రీ పెట్టుకున్నా.
పదకొండో నిమిషం.
ఆయన లాగాడు.
నేను వదిలాను.