కాటా ముల్లు

ముప్పయ్యొక్క ఏళ్లు మిర్చియార్డులో
నేను చెబితేనే బరువు.
ముల్లు నిలిచేదాకా నోరు విప్పేవాణ్ణి కాను,
ఎంత షావుకారైనా ఆగాల్సిందే.

ఇప్పుడు ఆరింటి మాత్ర పడేదాకా
నేనే ఓ టిక్కీని,
మంచం మీంచి రవణమ్మ దొర్లించాలి.
ఏడుంపావుకి చేతులొస్తాయి, కాళ్లొస్తాయి.
గుండీలు నేనే పెట్టుకుంటాను,
ఒకటి తప్పినా సరే.

ఎనిమిదిన్నరకి మొదలు.
ఎవరో పిలిచినట్టు మెడ పక్కకి తిరుగుతుంది,
భుజం ఎవరికో "ఏమో" అంటుంది,
నడుం, కాలవలో తుంగ.
ఇది జబ్బు కాదట, మందట.
పన్నెండేళ్లుగా మింగిన మందు.

ఏటుకూరు రోడ్డు ఆటోలో ఒకామె
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది,
"పొద్దున్నే తాగొచ్చాడు."

మాత్ర సగం చేద్దామన్నాడు కొత్తపేట డాక్టరు.
వద్దు సార్,
ఊగేది నేనే.
ఆ బిగుసుకున్నవాడెవడో నాకు తెలీదు.

యార్డు గేటు దగ్గర బాజీ
అడక్కుండానే గ్లాసు సగమే నింపుతాడు.
అది తాగాక ఇంకో సగం.
రెండిటికీ ఒక టీ డబ్బులే.

"ఎట్టా ఉంది బాబాయ్?" అంటాడు.

ఉండరా,
ముల్లు నిలవనీ,
చెబుతా.