రెండు డబ్బాలు

సెలింగ్ దాటాక మూడో మలుపులో
వెదురు గుంజల మీద నిలబడి ఉంటుంది నా కొట్టు.
అందులో నేను ఉండను.
బెంగళూరు వంకాయలు, ఆవాకు కట్టలు, మట్టి వదలని అల్లం,
అట్టముక్క మీద బొగ్గుతో రాసిన ధరలు,
ఒక పాలపిండి డబ్బా ఉంటాయి.
కావలసింది తీసుకుని డబ్బు డబ్బాలో వేసి పోతారు.
చిల్లర వాళ్లే ఏరుకుంటారు.

నేను పైన పోడులో కలుపు తీస్తుంటాను.
కింద లారీ ఆగుతుంది, తలుపు పడుతుంది,
మళ్లీ ఎత్తు ఎక్కుతూ మూలుగుతుంది.
ఎవరో తెలియదు. ఎంతో సాయంత్రం తెలుస్తుంది.

సిల్చర్ డ్రైవరొకడు ఓసారి అడిగాడు,
"కాపలా ఎవరూ లేరా?"
ఆకాశం వైపు చెయ్యి చూపలేదు,
అంత పెద్ద మాటలు నాకు రావు.
"నువ్వున్నావుగా" అన్నాను.

రెండో డబ్బా ఇంట్లో, పొయ్యి పక్కన.
పూటపూటా ఎసట్లో పోసే ముందు
ఒక గుప్పెడు బియ్యం అందులోకి, దేవుడి పనికి.
మా అమ్మ పోసింది. వాళ్లమ్మ పోసింది.
గుప్పెడు ఎంతన్నది ఎవరి చెయ్యి వాళ్లకే తెలుసు.

కొండ విరిగి దారి మూసుకుపోయిన ఏడు,
పందొమ్మిది రోజులు మలుపులో చక్రం తిరగలేదు.
ఆవాకు పసుపెక్కి కుళ్లింది.
థాంగ్‌చుంగా నడుము పట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.
మాల్సోమి నర్సింగ్ ఫీజుకి చివరి తేదీ గోడ మీద ఉంది.
అదే వారం చెల్లెలు ఫోన్‌లో చూపించింది,
ఐజోల్‌లో కొత్త ఇల్లు, మొహం కనపడే పలకలు.
"బాగుంది" అన్నాను. బాగానే ఉంది మరి.
ఆ రాత్రి రెండో డబ్బా మూత తీశాను.
నాలుగు గుప్పెళ్లు.
అప్పు అనుకున్నాను.
ఎవరి దగ్గరో అనుకోలేదు.

శనివారం సంచీ పట్టుకుని వచ్చింది పెద్దామె రోఖుమి.
డబ్బా ఎత్తింది. చేతికి బరువు తెలిసిపోతుంది కదా.
నా మొహం చూడలేదు.
నోటుపుస్తకంలో నా పేరు రాసింది,
ఎంతో రాయలేదు.
టీ అడిగి తాగింది, పంచదార లేకుండా.

ఆ రోజే తృప్తి వచ్చిందంటే అబద్ధమవుతుంది.
మర్నాడు ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే
నేను ఫీజులో ఎంత తగ్గిందో లెక్కేస్తున్నాను.
పాస్టరు సంతుష్టి గురించి చెబుతుంటే
ఈయనకి జీతం వస్తుంది కదా అనుకున్నాను.
దేవుడు విన్నాడు, తప్పదు,
ఆయన నోటుపుస్తకంలో ఏం రాసుకున్నాడో.

దారి తెరుచుకున్నాక ఒక సాయంత్రం
పాలపిండి డబ్బాలో ముప్ఫై అయిదు తక్కువ.
నాణేల మధ్య ఒక చొక్కా బొత్తాం.
ఏ పిల్లాడి ఆటో, ఏ తొందరమనిషి పొరపాటో.
తిట్టుకుంటూ ఇంటికెళ్లి చూస్తే
థాంగ్‌చుంగా చర్చి చొక్కాకి సరిగ్గా అదే లేదు.
కుట్టాను.
లెక్క సరిపోలేదు. బొత్తాం సరిపోయింది.
చాలాసేపు నవ్వుకున్నాం ఇద్దరం,
నడుం నొప్పి అని ఆయన మధ్యలో ఆగాడు.

అప్పట్నించి సాయంత్రం డబ్బా బోర్లించి
రానిది ముందు లెక్కపెట్టడం మానాను.
వచ్చింది లెక్కపెడతాను.
ఫీజు ఇంకా రెండు వాయిదాలు ఉంది.
చెల్లెలి పలకలు కలలోకి ఇంకా వస్తాయి,
వాటి మీద తడికాళ్లతో నడుస్తుంటాను.

ఈ ఏటవాలు మీద నాగలి దిగదు,
నాగటి చాలు ఒక్కటీ పడదు.
కర్రతో గుచ్చి గింజ వేస్తాం, మట్టి కప్పి పోతాం.
అయినా ఈ నేల మీదే నేర్చుకున్నాను ఆ మాట.
గుప్పెడు తీశాక గిన్నెలో మిగిలింది చూసి
"చాలు" అంటాను.
కొన్ని పూటలు నిండుగా.
కొన్ని పూటలు పళ్ల బిగువున.

పొయ్యిలో బొగ్గుముక్క చల్లారింది.
రేపటి ధరలు రాయాలి.
అల్లం రెండు రూపాయలు తగ్గింది.