పెట్టె ఖర్చు

ముప్పయ్యొక్క ఏళ్లు స్ట్రామ్‌నెస్ రేవులో
ఓడెక్కే జంతువులకి చీటీలు రాశాను.
పొట్టేళ్లకి, పందేలకెళ్లే పావురాలకి,
ఒకసారి కాలికి కట్టుతో ఒక గాడిదకి.
పేరు, బరువు, ఎవరు పంపారు, ఎవరు దించుకుంటారు.
నా సంతకం లేనిదే కోడిపిల్లైనా నీళ్లు దాటేది కాదు.

అలాంటి నేనే.

స్కర్రీ చచ్చిపోయిన పదో వారం.
దాని గిన్నె ఇంకా తలుపు వెనకే ఉంది,
రాత్రి మంచినీళ్లకి లేచి కాలితో తన్నేదాన్ని, తీసేదాన్ని కాదు.
నవంబరులో మాకు మూడున్నరకే పొద్దు వాలుతుంది.
ఆ తరవాతంతా ఫోను వెలుగే.

ఆ వెలుగులో వచ్చింది కుక్కపిల్ల.
పసుప్పచ్చ దుప్పటి. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి.
"డబ్బు కోసం కాదండీ, మంచి ఇల్లు దొరికితే చాలు" అన్నాడు
మార్టిన్ అనేవాడు, లీడ్స్ అనే చోటి నించి.
భార్యకి జబ్బట, ఊరు మారుతున్నాడట.
నేనూ మా ఆయన చివరి రోజుల సంగతి రాశాను.
ఎంత ఓపిగ్గా విన్నాడనుకున్నారు!
మాట్లాడదామంటే గొంతు బాగాలేదన్నాడు.
తల్లిని చూపించమంటే ఇంకో ఫొటో పంపాడు,
అందులో గడ్డి మీద నిండు ఎండ. నవంబరులో.

చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

నీళ్లలో గేదెను పెట్టి ఒడ్డున బేరమంటారే,
ఇక్కడ గేదె కూడా లేదు. నీళ్లే.

రెండొందల పౌన్లు బయానా పంపి
ఆ రాత్రి గిన్నె కడిగాను.

మర్నాడు ఇంకో కబురు, ఎవరో రవాణా వాళ్లట.
"మీ కుక్క రేవులో ఆగింది. చలీ వేడీ సరిచూసే పెట్టె కావాలి.
నాలుగొందల ఇరవై. పెట్టె తిరిగిచ్చాక వాపసు.
సాయంత్రంలోగా కట్టకపోతే
జంతువుని వదిలేసిన నేరం మీ మీద."

పెట్టె?
ఏ పెట్టె నాయనా, ఏ రేవు?
కుక్కలు కార్లలో వస్తాయి, మెడకి తాడుతో వస్తాయి,
డెక్కు మీద కక్కుకుని, యజమాని కంటే ముందు దిగుతాయి.
నాలో ఏడుస్తున్న మనిషి కాస్త పక్కకి జరిగింది,
కుర్చీలో గుమాస్తా కూచుంది.

"చీటీ నంబరెంత?" అని రాశాను.
"పిల్ల పక్కన ఒక చెంచా పెట్టి, ఇప్పుడే, వీడియోలో చూపించండి."
చెంచా ఎందుకని కూడా అడగలేదు.
మళ్లీ రాయనేలేదు.

లైబ్రరీలో ఇంగా అనే అమ్మాయి ఆ బొమ్మని వెతికి పెట్టింది.
అదే దుప్పటి లిస్బన్‌లో ఉంది, ఆక్లాండ్‌లో ఉంది,
అయిదేళ్ల కిందటా ఉంది. ఒక్క పిల్లకి పదకొండు పేర్లు.
బ్యాంకులో చెప్పమంది. సిగ్గేసింది. అయినా వరసలో నిలబడి
గొంతు తగ్గించకుండా చెప్పాను.
నా వెనక లింక్లేటర్ ముసలాయన టోపీ సవరించుకుని
"నాది ట్రాక్టరు" అన్నాడు మెల్లగా.

డబ్బు రాలేదు.
ఆ పిల్ల ఎక్కడో నిజంగా పుట్టే ఉంటుంది కదా.
ఎవరో ముచ్చటపడి తీసుకున్న ఫొటోయే కదా వాడు ఎత్తుకొచ్చింది.
ఇప్పుడది ఎవరి కుర్చీ కిందో గురకపెడుతూ ఉంటుంది,
నా రెండొందల సంగతి తెలియకుండా.

ఫిబ్రవరిలో బర్సే దారిలో ఒక పొలానికి వెళ్లాను,
బస్సులో, పర్సు ఇంట్లో పెట్టి.
ఆవిడ ధర ఎక్కువే చెప్పింది. పైగా నన్నే నిలదీసింది:
కంచె ఎంతెత్తు, పగలు ఇంట్లో ఎవరుంటారు,
నీకేమన్నా అయితే దీన్ని ఎవరు చూస్తారు.
అమ్మే మనిషి నన్ను అనుమానిస్తుంటే
ఎంత హాయిగా ఉందో!

కొట్టంలో తడి గడ్డి, పాలవాసన, ఉచ్చకంపు.
ఫోనులో ఇన్నాళ్లూ ఏ వాసనా రాలేదని అప్పుడు తట్టింది.
నల్లటి తల్లికుక్క లేచి
పిల్లలకీ నాకూ మధ్య నిలబడి
పళ్లు చూపించి గుర్రుమంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
అక్కడే గడ్డిలో కూచున్నాను,
బస్సు వెళ్లిపోయేదాకా.