చిలుము

షార్జా సజాల, మధ్యాహ్నం పని బందైన యాళ్ల
రేకుల నీడకు కూసుంటం.
తుక్కు కొండ మీద
ఎండ నిలబడి ఉంటది, దిగదు.

దాద్ కరీం చెవితోని లోహం పట్టేటోడు.
విసిరేస్తె చాలు:
టంగుమంటె ఇత్తడి,
కంగుమంటె కంచు,
మొద్దుగ పడితె సీసం.
"అది చెవిటి మొగుడు" అని నవ్వేటోడు.
వైరు తొక్క వొలిచే నా చేతులు చూసి
ఒకనాడు అడిగిండు, మీ నాయిన ఏం చేసేటోడని.
కంచరి పని అన్న. చెంబులు, గుండీలు, కళాయి పూత.
"ఇగ నీకు నేను నేర్పేదేముంది" అని
తన చాయ సగం నా గ్లాసుల వంపిండు.

పోయిన చలికాలం
రాగి తీగ చేతిల పట్టుకొని
దీని పేరేంది అన్నడు.

పరాచికమనుకొని అందరం నవ్వినం.
బంగ్లా పోరడు రఫీకుల్ గూడ నవ్విండు.
ఆయన నవ్వలే.
మెల్లగ దాన్ని ఇనుము కుప్పల పెట్టి
చేతులు దులుపుకున్నడు.
రాత్రి టార్చి పెట్టుకొని నేనే తీసి సరిచేసిన.
తెల్లారి మళ్ల.
నెల దినాలు ఎవలికీ చెప్పలే.

దవాఖానల తలకాయ లోపలి బొమ్మ చూపెట్టిండ్రు.
నల్లగ కనబడే కాడ ఇనుము పేరుకొని ఉండొచ్చంట.
సువార్త సిస్టరు, బాపట్ల మనిషి,
మన మాటల విప్పి చెప్పింది:

"రాగి, జింకు, ఇనుము, మూడూ తలలో ఉండాల్సినవేనండీ.
ఒక నరం ఇంకో నరంతో మాట్లాడేప్పుడు
పిసరంత జింకు చల్లుద్ది, తలుపు తట్టినట్టు.
ఆ చల్లింది ఎనక్కి పోకుండా
జిగురు ముద్దలకి అంటుకుపోద్ది.
రాగీ అక్కడే చిక్కుద్ది.
ఇనుమేమో తుప్పు రేపుద్ది.
జబ్బు వీటివల్ల వచ్చిందా,
వచ్చిన జబ్బుకి ఇవి తోడయ్యాయా,
పెద్ద పెద్దోళ్లకే ఇంకా తేలలేదు."

తీసెయ్యరాదా, మా యార్డుల
కారును లేపే అయస్కాంతం ఉన్నది అన్న.
అన్నంక నాకే సిగ్గయింది.
ఆమె నవ్వలేదు.
"ఇనుమును లాగే మందు ఎక్కడో ఇచ్చి చూశారంట.
మతి ఇంకా తొందరగా జారిందంట.
అది చెడ్డ సరుకు కాదు కదండీ.
చోటు తప్పిన సరుకు."

బస్సుల పదమూడు మందిమి.
నేపాలోళ్లు, పేశావరోళ్లు, జగిత్యాలోళ్లు.
ఆ మాట ఎవలికీ చెప్పలే.

మా నాయిన అనేటోడు: రాగిల విషం లేదుర.
కళాయి పోయిన గిన్నెల
చింతపులుసు రాత్రంత ఉంచు,
అప్పుడు చూడు దాని పచ్చదనం.
గిన్నె కాల్చి, నవసారం చల్లి,
కరిగిన తగరాన్ని దూదితోని తిప్పేటోడు.
ఒక్క చుట్టు. గిన్నె లోపల ఎన్నెల.
దాద్ కరీం తలల ఎక్కడ పూత లేచిందో!
ఆ పొయ్యి ఎవలు రాజేస్తరు,
ఆ దూది పట్టే చెయ్యి యాడున్నది?

బుధవారం పంపిచ్చిండ్రు, గ్వాదర్ దిక్కు,
మేనల్లుడు మురాద్ తోడు.
అద్దం ఇవతల నిలబడి చూసిన.
జేబులు ఖాళీ చెయ్యమన్నడు కావలాయన.
తీగ ముక్కలు, ఇత్తడి నట్టు, తుత్తునాగం తునకొకటి,
నా గది తాళంచెవి
(మూడు రోజులుగ ఎతుకుతున్న దాన్ని).
ట్రేల అవన్ని చూస్కుంట నిలబడ్డడు.
ఎనక లైను పెరుగుతున్నది.
ఏలుతోని తీగలను ఒక మూలకు జరిపిండు,
నట్టును ఇంకో మూలకు.
తాళంచెవి ఎటు పెట్టాల్నో తెల్వక
అట్లనే పట్టుకొని నిలబడ్డడు.

మురాద్ దాన్ని మెల్లగ గుంజుకున్నడు.
దాద్ కరీం గేటు కిందికెళ్లి నడిచిండు.

గేటు కుయ్యిమనలే.