ఇటుక మీద ముందు చక్రం

కుతైసీలో, రియోనీ నది ఒడ్డున
మా గ్యారేజీ వాకిలి కాస్త వాలుగా ఉంటుంది.
కొత్తవాళ్లు అక్కడే బండి ఆపి
ఆయిల్ చూడమంటారు.
ఉషాంగి తాత ఏమీ అనడు.
ముందు చక్రం కింద ఇటుక పెట్టి
బండిని దాని మీదికి ఎక్కిస్తాడు.
ఇంజను చల్లారేదాకా ఒక సిగరెట్టు. సగమే.
మిగతా సగం చెవి మీదికి.

అప్పుడు బానెట్ ఎత్తుతాడు.
పసుపు ఉంగరంలో వేలు దూర్చి
సన్నటి ఇనుప కడ్డీని బయటికి లాగుతాడు,
నిద్రపోయిన పిల్ల పిడికిట్లోంచి
బిస్కెట్టు తీసినట్టు.
మొదటిసారి చూసింది లెక్కలోకి రాదు.
తుడవాలి, మళ్లీ ముంచాలి, మళ్లీ తీయాలి.
"మొదటి మాట ఎవడైనా అబద్ధమే చెబుతాడు."
తుడిచే గుడ్డ, ఎన్నికల్లో ఓడినవాడు పంచిన టీషర్టు.
సగం మీసం ఇంకా కనిపిస్తుంది.

ఆపైన రెండు వేళ్ల మధ్య నలుపుతాడు,
అన్నం మెతుకు పట్టి చూసినట్టు.
వాసన చూస్తాడు.
మాడిందో, పెట్రోలు కలిసిందో ముక్కుకి తెలుస్తుంది.
మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరాయని.
వేలిముద్ర గీతల్లో వెండి రజను మెరిస్తే
లోపల ఒకటి ఇంకొకదాన్ని తింటోందని.

నిరుడు రేడియో దుకాణం అవ్తాందిల్
జర్మనీ నుంచి దిగిన బండి తెచ్చాడు.
బానెట్ కింద నల్లటి ప్లాస్టిక్ మూత,
ఎవరూ వాయించని పియానోలా.
పసుపు ఉంగరం లేదు.
ఊడిన పంటి చోటుని నాలుక తడిమినట్టు
తాత చెయ్యి అక్కడక్కడే తిరిగింది.

నేను లోపల కూర్చుని మీట నొక్కాను.
"కొలుస్తున్నాను, ఆగండి" అంది తెర.
పరీక్ష ఫలితాల బోర్డు ముందు పిల్లల్లా
ఇద్దరం ఆగాం.
"వాహనం చదునుగా లేదు. కొలవడం కుదరదు."
తాత ఆ నెలలో మొదటిసారి నవ్వాడు.
వెళ్లి ఇటుక తెచ్చాడు.

పచ్చగీత పైదాకా నిండింది.
"ఎలా ఉందట?"
"నిండుగా ఉందట."
"అది ఎంత. నేనడిగింది ఎలా."
తెరకి ఆ ప్రశ్న పెట్టే మీట
నాకు దొరకలేదు.

ఆ సాయంత్రం చెవి మీది సగం వెలిగించి చెప్పాడు.
ఇరవై ఏళ్ల కిందట లమ్జీరా రొట్టెల బండి.
కడ్డీ చూసి, "పో, చాలినంత ఉంది" అన్నది తనే.
చూసింది ఈ వాలులోనే. ఇటుక లేదు.
నకెరాలా కనుమ ఎక్కుతుంటే ఇంజను పట్టేసింది.
మంచులో నూట నలభై రొట్టెలు.
ఆవిడ తిట్టలేదు. నడిచి దిగొచ్చింది.
మరి ఈ గేటు తొక్కలేదు.
"ఒక్క ఎర్రదీపం ఉండుంటే,
తమ్తా, ఒక్క చిన్న ఎర్రదీపం."

కడ్డీ మీది రెండు గీతలూ
ఇప్పుడాయన కంటికి ఆనవు. గోటితో లెక్కిస్తాడు.
నాకు తెలుసని ఆయనకి తెలియదు.
తెర మీది అంకెల్ని
నేనెందుకో గట్టిగానే చదువుతున్నాను.

ఇవాళ పొద్దున్నే ఒక వ్యాను.
కొత్తది. కడ్డీ లేనిది.
తోలుకొచ్చింది లమ్జీరా మనవరాలు ఖాతూనా.
వెనక పడవల్లాంటి శోతి రొట్టెలు, ఇంకా పొగలు.
తెర నిండుగా ఉందంది.
పోయినసారి కంటే ఓ గీత ఎక్కువే ఉంది.
"తాగే ఇంజను చూశాను,
కక్కే ఇంజను చూశాను,
పెరిగే ఆయిల్ ఎక్కడిది?"
తాత అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు.
అడుగు బోల్టు అర చుట్టు వదిలి
ఒక్క చుక్క వేలి మీద పట్టి
మళ్లీ బిగించి బయటికొచ్చాడు.
తను వాసన చూడలేదు.
వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు.
"నువ్వు చెప్పు."

పెట్రోలు. కొంచెమే.
దుకాణం నుంచి దుకాణానికి చిన్నచిన్న దూరాలు,
ఎప్పుడూ పూర్తిగా వేడెక్కని ఇంజను.
తెర అబద్ధమాడలేదు.
అడిగినదానికే జవాబిచ్చింది.

"కనుమ ఎక్కాలి, ఆలస్యమవుతోంది" అంది ఖాతూనా.
ముందు రొట్టెలు దించుకుందాం అన్నాను.
ఇటుక ఆయనే తీశాడు.