బల్బు స్విచ్చి

కల్యాణదుర్గంలో నా గది
దస్తగిరి మోటారు వైండింగు షాపు మీద.
కింద రాగితీగె, పైన సి భాష.
వార్నీషు వాసన మాత్రం ఇద్దరికీ ఒకటే.

నేను చేసేది ఒక చిన్న పెట్టె.
చీనీ తోటలో స్టార్టరు పక్కన గోడకు బిగిస్తే
కరెంటొచ్చిందీ, బోరులో నీళ్ళు తగ్గిందీ, ఫోను మోగిందీ
అన్నీ అదే కనిపెట్టుకోవాలి.

మొదట రాసింది వట్టి వెర్రి వైల్ లూపు.
కరెంటొచ్చిందా? లేదు.
నీళ్ళున్నాయా? ఉన్నాయి.
ఫోనొచ్చిందా? లేదు.
కరెంటొచ్చిందా?
సెకనుకు లక్షసార్లు అదే అడుగుడు.
చిప్పు మీద వేలు పెడితే చుర్రుమంది.

ముదిగల్లు దారిలో మారెక్క తోటకు
కొలతలు తీసుకోను పోయిన రాత్రి అడిగాను:
కరెంటు ఎప్పుడిస్తారో తెలీదు గదా,
గంటకోసారి లేచి చూస్తావా?

"నాకేం పిచ్చా నాయినా, గడేగడేకి లేసి సూసేకి?
షెడ్డులో బల్బు స్విచ్చేసి పండుకుంటా.
కరెంటొస్తే ఎలుగు కండ్ల మీద పడ్తాది.
అదే లేపుతాది."

మూడు వారాలుగా మాన్యువల్లో
నాకు ఎక్కక వదిలేసిన పేజీ అది.

మరునాడే మేక్‌ఫైల్లో లైబ్రరీ పేరు చేర్చాను.
ఒక్కో తీగెకూ ఒక్కో కావలి పెట్టి,
ఇది జరిగితే ఈ ఫంక్షన్ని పిలువు అని
పేర్లు రాసిచ్చి,
లూపును నడవమన్నాను.
అది నడవలేదు. పండుకుంది,
కెర్నెలు పక్కన, స్విచ్చి వేసుకొని.

మార్చి.
తెల్లారుజాము మూడుంబావుకు త్రీఫేజు వచ్చింది.
మోటారు లేచింది.
లేచిందని మారెక్కకు మెసేజి పోవాలి, సిగ్నలు లేదు.
ఆ కాల్‌బ్యాక్ లోపల నా చేత్తో నేనే రాసిన స్లీపు:
ముప్పై సెకన్లు ఆగు. మళ్ళీ పంపు.
పోలేదా, మళ్ళీ ముప్పై.
ఆరునూర్ల అడుగుల కింద
బోరు అప్పుడే అడుగంటింది.
సెన్సారు అరిచింది.
అరుపు పోయి వరుసలో నిలబడింది.
ముందున్నవాడు కదిలితే గదా.
ఇల్లు ఒక్కటే, వాకిలి ఒక్కటే.
వాకిట్లో ఒకడు అడ్డం పడుకుంటే
లోపలికి నిప్పంటుకున్న కబురు కూడా పోదు.

పొద్దున దస్తగిరి మోటారు విప్పి
బొగ్గైన తీగెను చుట్టలు చుట్టలుగా లాగుతూ
తల ఎత్తకుండానే అన్నాడు:
"నీ పెట్టె బలే ఉండాదప్పా. ఇట్లాంటివి ఇంకో పది చెయ్యి,
మా పాప ఇస్కూలు ఫీజు తీరిపోతాది."
తొమ్మిదివేల నాలుగునూర్లు.
నేనే కట్టాను. కూలి వద్దన్నాడు,
నేను వినలేదు.

ఆ రాత్రి స్లీపు తీసేసి
దాని జాగాలో టైమరు పెట్టాను.
ముప్పై సెకన్లకు నన్ను పిలువు, అని చెప్పి
కాల్‌బ్యాక్ వెంటనే పక్కకు తప్పుకుంటుంది.
తొమ్మిది లైన్లు.
లైనుకు వెయ్యి పైన పడింది.
అంత ఖరీదైన కోడు నేను మళ్ళీ రాయలేదు.

ఇప్పుడు టాప్ తెరిస్తే నా ప్రోగ్రాం పక్కన
సున్నా పాయింటు సున్నా.
ఎదురుచూడ్డానికి ఖర్చేమీ లేదంటుంది ఆ వరుస.
మారెక్క నులకమంచం, ఆమె మోకాళ్ళు,
కాలవ గట్టు దోమలు
ఆ పట్టికలో ఏ గడిలోనూ లేవు.

ఇంక నువ్వు ఇంట్లోనే పండుకోవచ్చక్కా, అన్నాను.
సరే నాయినా, అంది.

మొన్న రాత్రి బ్యాటరీ మార్చను పోయాను.
మంచం గోడకు నిలబెట్టి ఉంది.
షెడ్డులో టార్చి వేసి చూస్తే
నా పెట్టె పచ్చ చుక్క రెప్ప కొడుతూ ఉంది.
దాని పైన బల్బు, చీకటిగా.
స్విచ్చి మాత్రం కిందికి నొక్కే ఉంది.

నేనూ దాన్ని ముట్టుకోలేదు.